చివరి వరుసలో ఎవరు కూర్చుంటారు?

విశాఖ సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 43. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగో తరగతి. నాన్నగారు పోర్టులో చేసి రిటైరయ్యారు. అమ్మగారికి పోయినేడు రెండు మోకాళ్ళూ మార్చారు. ఇంట్లో ఉన్నది పదేళ్ళ నాటి చిన్న కారు. ఉత్తరంలోంచి కొన్ని మాటలు ఆయనవే ఇస్తున్నాను:

"సంక్రాంతికి ఆరుగురం అదే కారులో నరసన్నపేట దగ్గర మా ఊరికి బయల్దేరాం. బాబు వాళ్ళమ్మ ఒళ్ళో, బ్యాగులు కాళ్ళ దగ్గర. రణస్థలం దాటేసరికి మా అమ్మ కాళ్ళు ఎటూ చాపుకోలేక ఏడ్చేసింది. అప్పట్నుంచి ఎక్కడికి రమ్మన్నా 'మేం ఇంట్లో ఉంటాంలే, మీరెళ్ళి రండి' అంటున్నారు. మనసు ఉండబట్టక సెవెన్ సీటర్ కొందామని మొదలెట్టాను. ఇక చూడండి. మా బావమరిది 2017 ఇన్నోవా క్రిస్టా సెకండ్ హ్యాండ్ ఉంది తీసేసుకో అంటాడు. ఆఫీసులో ఫ్రెండు ఎర్టిగా సీఎన్‌జీ తప్ప వేరే వద్దంటాడు. నేను కియా కారెన్స్ టర్బో నడిపి చూశాను, నచ్చింది. మా ఆవిడ ఆ డబ్బు పాప ఇంటర్‌కి ఉంచమంటుంది. నాన్న అయితే ఒకటే మాట, 'నా కోసం అప్పు చేస్తే నేనా కారు ఎక్కను, కావలసినప్పుడు టాక్సీ పెట్టుకుందాం' అని. చేతిలో ఆరు లక్షలున్నాయి, పది లక్షలు లోను పెట్టాలి. ఏం కొనాలో చెప్పండి. కొనొద్దంటే అదీ చెప్పండి."

రోజూ రానూపోనూ 60 కిలోమీటర్లు ఒక్కరే నడుపుకుంటూ వెళ్తారట. కంపెనీ బస్సు ఉంది గానీ ఉదయం ఆరుంబావుకే వచ్చేస్తుందట. సెల్లార్లో రెండు స్తంభాల మధ్య ఒక్క కారు పార్కింగే ఉంది. పోయిన ఏడాది ఇంటిల్లిపాదీ కలిసి తొమ్మిదిసార్లు ఊరు దాటారు, అందులో ఐదుసార్లు టాక్సీలో. ఆ ఐదింటికీ అయిన ఖర్చు 41 వేలు.

అయ్యా, మీరు లెక్కలన్నీ రాశారు గనక ముందు లెక్కే చూద్దాం. డబ్బు వరకూ నాన్నగారిదే నెగ్గుతుంది. పది లక్షలు తొమ్మిది శాతానికి ఐదేళ్ళకు తీసుకుంటే నెలకు దాదాపు 20,750 కట్టాలి. ఏడేళ్ళకైతే 16,100 దాకా. కిస్తీ తగ్గింది కదా అనుకుంటాం గానీ మొత్తం వడ్డీ రెండున్నర లక్షల దగ్గర్నుంచి మూడున్నర లక్షలకు పోతుంది. ఒక ఏడాది కిస్తీల డబ్బుతో మీరు పోయినేడు తిరిగినట్టు ఐదారేళ్ళు టాక్సీలో తిరగొచ్చు. దీనికి తోడు మీరు రాయని ఖర్చు ఒకటుంది. ఇప్పటి కారు లీటరుకు 18 ఇస్తోందన్నారు. పెట్రోలు సెవెన్ సీటర్ మన ఊళ్ళో, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆగి, గాజువాక దగ్గర ఆగి వెళ్తే 13 ఇచ్చినా గొప్పే. నెలకు 24 రోజులు, 1,440 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 వేసుకుంటే నెలకు ఇంకో 3,400 అవుతుంది. ఖాళీ సీట్లు ఆరింటిని రోజూ పరవాడ తీసుకెళ్ళి తీసుకురావడానికయ్యే ఖర్చది.

కాబట్టి డబ్బు మిగుల్తుందని మాత్రం ఇంట్లో చెప్పకండి. నాన్నగారు పోర్టులో పనిచేసిన మనిషి, రెండు నిమిషాల్లో పట్టేస్తారు.

అయితే లెక్కలో పడనిది సంక్రాంతి నాడు రణస్థలం దగ్గర జరిగింది. అమ్మగారి ఏడుపు గురించి మీరు రెండు వాక్యాలు రాశారు, టర్బో గురించి పేజీన్నర రాశారు. తప్పు పట్టడం లేదు. మనందరం కారు చూడ్డానికి వెళ్ళి డ్రైవరు సీట్లోనే కూర్చుంటాం. స్టీరింగు పట్టుకుంటాం, పికప్ చూస్తాం, స్క్రీను నొక్కుతాం. ఇలాంటి బండిని మాత్రం వెనకనుంచి ముందుకు చూసుకుంటూ రావాలి. డ్రైవరు సీటు ఏ బండిలోనైనా బాగానే ఉంటుంది. తేడా అంతా రెండో వరుస డోరు దగ్గరా, మూడో వరుసలో మోకాళ్ళ దగ్గరా, డిక్కీలోనూ తెలుస్తుంది.

మీ ఆరుగురినీ నేను ఊహలో కూర్చోబెట్టి చూశాను. మీరు నడుపుతారు, పక్కన నాన్నగారు. మధ్య వరుసలో అమ్మగారు, మీ శ్రీమతి. పిల్లలిద్దరూ వెనక. అప్పుడు మధ్యలో ఒక చోటు ఖాళీ, అమ్మగారు కాస్త పక్కకి తిరిగి కాలు చాపుకోవచ్చు. కానీ మూడో వరుస నిండితే ఎర్టిగా డిక్కీ 209 లీటర్లు, కారెన్స్‌ది 216. రెండు చిన్న సూట్‌కేసులు నిలబెట్టేసరికి సరి. ఊరినుంచి వచ్చేటప్పుడు వేసే బియ్యం మూట, కొబ్బరికాయలు ఎక్కడ పెడతారు? రెండో పద్ధతి, బాబుని మధ్యలో కూర్చోబెట్టి, పాప ఒక్కర్తే వెనక. మూడో వరుస ఈ రెండు బళ్ళలోనూ సగం సగంగా మడుస్తారు గనక ఆ ఖాళీ సగంలో సామాను పెట్టొచ్చు. సామాను సమస్య తీరింది, అమ్మగారి కాలి సమస్య మళ్ళీ వచ్చింది. ఏడు సీట్లంటే ఏడుగురూ, ఏడుగురి సామానూ అని కాదు. మీరు సాధారణంగా ఎంత సామానుతో వెళ్తారో ఒకసారి హాల్లో పేర్చి చూడండి.

షోరూమ్ వాళ్ళు ఆరు సీట్ల మోడల్ కూడా చూపించొచ్చు, మధ్యలో రెండు విడివిడి కుర్చీలు. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. పట్టుకుని లేవడానికి ఆర్మ్‌రెస్టు కూడా పనికొస్తుంది. కానీ కాలు పక్కకి చాపే వీలు పోతుంది. ఏది హాయో అమ్మగారే చెప్పాలి. నేనో, మీరో, సేల్స్ కుర్రాడో చెప్పేది కాదు.

ఇక ఎక్కడం. మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళకి సీటు మరీ కిందున్నా కష్టమే, ఎత్తు మీదున్నా కష్టమే. నిలబడి వెనక్కి కూర్చుంటే తుంటి సరిగ్గా సీటు మీద పడి, తర్వాత కాళ్ళు రెండూ లోపలికి తిప్పుకోగలగాలి. ఎర్టిగా, కారెన్స్ మామూలు కార్లలాగే బాడీ, ఫ్రేము ఒకటిగా కట్టినవి, ఫ్లోరు కిందికే ఉంటుంది. క్రిస్టా అలా కాదు. లారీకి, జీపుకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ మీద బాడీ కూర్చుంటుంది. అందుకే లక్షల కిలోమీటర్లు తిరిగినా చెక్కుచెదరదు. అందుకే ఎక్కేటప్పుడు ఒక మెట్టు ఎక్కాలి కూడా. బావమరిది గారు చెప్పిన బండి మన్నికకి పేరున్నదే, ఆ మాట అబద్ధం కాదు. ఆయన మోకాళ్ళు మార్పించుకోలేదు, అంతే.

అరకు గురించి అడిగారు, చిన్న ఇంజను ఆరుగురితో ఘాటెక్కుతుందా అని. ఎక్కుతుంది. ఎలా ఎక్కుతుందన్నదే ప్రశ్న. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కేటప్పుడు కావలసింది హార్స్‌పవర్ కన్నా ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లాగే బలం, అదే టార్క్. ఎర్టిగా 1.5 పెట్రోలుకి అది 137 న్యూటన్ మీటర్ల దగ్గర, అదీ 4,400 ఆర్‌పీఎంకి (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) గాని పూర్తిగా రాదు. కారెన్స్ డీజిల్‌కి 250, 1,500 ఆర్‌పీఎం నుంచే మొదలు. క్రిస్టా మాన్యువల్‌కి 343. అంటే మలుపు దగ్గర బస్సు కోసం ఆగి మళ్ళీ కదిలేటప్పుడు ఎర్టిగాని రెండో గేర్లో గట్టిగా అరిపించాలి, ఏసీ ఉంటే ఇంకాస్త. డీజిల్ అయితే మాట్లాడకుండా లాగేస్తుంది. సీఎన్‌జీ మీద ఎర్టిగా బలం 88 హార్స్‌పవర్‌కి పడిపోతుంది, పైగా సిలిండరు డిక్కీలోనే కూర్చుంటుంది. మీ ఫ్రెండుకి రోజూ ఒంటరిగా తిరగడానికి అది బంగారం. ఆరుగురు, సామాను, ఘాట్ అన్నప్పుడు కాదు. మీకు నచ్చిన టర్బో 160 హార్స్‌పవర్‌ది, అందులో బలానికి లోటు లేదు. కాలు అదిమితే పెట్రోలు కూడా అలాగే తాగుతుంది.

ఏడాదికి ఎన్నిసార్లు అరకు వెళ్తారు? మీ ఉత్తరం ప్రకారం ఒక్కసారి. ఒక్క రోజు ఘాట్ కోసం మిగతా 364 రోజుల బండిని ఎంచుకోవద్దు. నరసన్నపేట దాకా నేషనల్ హైవే, అక్కడ ఏ ఇంజనైనా చాలు. మీకు డీజిల్ లాభించేది అరకులో కాదు, పరవాడ రోడ్డులో. నెలకు 1,440 కిలోమీటర్లు అంటే డీజిల్ గురించి ఆలోచించదగ్గ తిరుగుడే. లేదా ఆ ఆరుంబావు బస్సు వారానికి మూడు రోజులైనా ఎక్కగలిగితే మైలేజీ గొడవ సగం పోతుంది, అప్పుడు పెట్రోలే చవక. నిద్ర సంగతి మీ ఇష్టం.

కొన్ని చిన్న సంగతులు. సెల్లార్లో స్తంభాల మధ్య టేపు పెట్టి కొలవండి. ఎర్టిగా వెడల్పు 1,735 మిల్లీమీటర్లు, కారెన్స్ 1,800, క్రిస్టా 1,830, అద్దాలు కాకుండా. రెండు వైపులా కాకపోయినా ఒకవైపైనా డోరు సగం కన్నా ఎక్కువ తెరుచుకోవాలి, లేకపోతే అమ్మగారిని రోజూ బండి బయటికి తీశాకే ఎక్కించాలి. పాత మారుతి వ్యాను గుర్తుందా, పక్కకి జరిగే డోరు? ఈ అవసరానికి దాన్ని మించింది లేదు. ఇప్పుడు అలాంటి డోరు ఈకోలోనో, మళ్ళీ కార్నివాల్ లాంటి చాలా ఖరీదైనవాటిలోనో దొరుకుతుంది. మన బడ్జెట్లో మధ్యలో ఏమీ లేదు.

స్టెప్నీ ఈ బళ్ళన్నింటికీ డిక్కీలో కాదు, బండి పొట్ట కింద వేలాడుతుంది. దీని గురించి నా అనుభవం చెప్పాలి. లాసన్స్ బే వైపు సముద్రానికి రెండు వీధుల దూరంలో ఉన్నప్పుడు నాకో పాత సెవెన్ సీటర్ ఉండేది. ఆనందపురం దాటాక పంక్చరు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, నట్టు తిప్పితే టైరు కిందికి దిగాలి. నట్టు కదల్లేదు. ఉప్పు గాలికి తుప్పు పట్టి ఇనుము ఇనుముకి అతుక్కుపోయింది. ఆఖరికి పక్క షెడ్డు కుర్రాడు వచ్చి, కొబ్బరినూనె పోసి, సుత్తితో కొట్టి కొట్టి గంటన్నరకి దింపాడు. అప్పటికి పిల్లలు తెచ్చుకున్న పులిహోర రోడ్డు పక్కనే అయిపోయింది. అందుకని కొత్తదైనా పాతదైనా ఆరునెలలకోసారి ఆ నట్టు తిప్పించి గ్రీజు పెట్టించండి. పాత క్రిస్టా చూడ్డానికి వెళ్తే ముందు బానెట్ ఎత్తకండి. కింద పడుకుని ఛాసిస్, స్టెప్నీ కొక్కెం, డోర్ల అడుగు అంచులు టార్చి వేసి చూడండి. బీచ్ రోడ్డు బళ్ళు పైకి నిగనిగలాడుతుంటాయి.

ఆ పాత బండికి ఇంకో రెండు పరీక్షలు. టాక్సీగా తిప్పి, ఎల్లో బోర్డు తీసి ఓన్ బోర్డుగా మార్చిందేమో ఆర్సీలో చూడండి. సర్వీసు చరిత్ర మొదటి రోజునుంచీ కావాలని అడగండి, మీటరు మీద అంకెను మాత్రమే నమ్మొద్దు. పదేళ్ళ డీజిల్ బండి తిప్పనివ్వరేమో అన్న భయం ఢిల్లీ వాళ్ళది. మనకి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు, తర్వాత ఫిట్‌నెస్ చేయించి పొడిగించుకోవచ్చు. 2017 బండికి అంటే మిగిలింది సగం కన్నా తక్కువ. అప్పు తక్కువవుతుంది, రిపేర్ల టెన్షన్ ఎక్కువవుతుంది. నమ్మకమైన మెకానిక్ ఉంటే అది తెలివైన బేరమే, లేకపోతే కాదు.

భద్రత మీరు అసలు అడగలేదు, నేనే చెబుతున్నాను. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి భద్రత చూసే సంస్థ) పరీక్షలో, ఆఫ్రికాకి పంపే ఎర్టిగాకి పెద్దల రక్షణలో వచ్చింది ఐదింటికి ఒక్క స్టారు. అదే ఏడాది కారెన్స్‌కి మూడు. తర్వాత ఎర్టిగాకి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్ళలోనూ ఇచ్చారు. ఎయిర్‌బ్యాగులు వేరు, బాడీ గట్టిదనం వేరు. మూడో వరుసలో పిల్లల్ని కూర్చోబెడుతున్నాం గనక హెడ్‌రెస్టుకీ వెనక అద్దానికీ మధ్య ఎంత దూరముందో చెయ్యి పెట్టి చూడండి. జానెడు కూడా లేదనిపిస్తే ఊళ్ళో తిరిగేటప్పుడు వాళ్ళని మధ్య వరుసలోకి తెచ్చేయండి. వెనక బెల్టు పెట్టుకోవడం చట్టమే, ఎవరూ పట్టించుకోకపోయినా.

బడ్జెట్ గురించి మీ శ్రీమతి మాట కూడా తోసేయకండి. రెండేళ్ళలో పాప ఇంటర్. ఐదేళ్ళ కిస్తీ అంటే సరిగ్గా ఆ ఫీజులు కట్టే ఏళ్ళ మీదే పడుతుంది. అప్పు తగ్గించుకోవాలంటే రెనో ట్రైబర్ కూడా ఒకసారి చూడండి. నాలుగు మీటర్ల లోపు బండి, 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి చిన్న పెట్రోలు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. వెనక సీట్లు పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు, అప్పుడు డిక్కీ 625 లీటర్లు. పొడవు తక్కువ గనక సెల్లార్లో పెట్టడం సులువు. కానీ ఇంజను లీటరుదే, 72 హార్స్‌పవర్. ఆరుగురితో హైవే మీద లారీని దాటాలంటే ముందే ఆలోచించుకోవాలి. ఏడుగురూ కూర్చుంటే డిక్కీ 84 లీటర్లు, అంటే స్కూలు బ్యాగులు రెండు. మీకు సరిపోదని నా అభిప్రాయం, అయినా అప్పు నాలుగు లక్షలకి దిగితే నాన్నగారు మెత్తబడొచ్చు.

ఇప్పుడు నాన్నగారి మాట. 'నా కోసం అప్పు చేస్తే ఎక్కను' అన్నారంటే, మీరు ఎప్పుడో 'మీ కోసమే కొంటున్నా' అని ఉంటారు. ప్రేమతోనే అని ఉంటారు. ఆయన చెవికి మాత్రం అది 'మీ వల్ల పది లక్షల అప్పు' అని వినబడింది. ముసలివాళ్ళ పేరు మీద బండి కొనకండి. మీకు ఇష్టం, పిల్లలు పెరుగుతున్నారు, పాత కారుకి పదేళ్ళు నిండాయి, ఇవన్నీ నిజాలే కదా, అవే చెప్పండి. లెక్క కాయితం ఆయన చేతికే ఇచ్చి, 'ఐదేళ్ళు పెట్టమంటావా, నాలుగా నాన్నా?' అని అడిగి చూడండి. జీవితమంతా లెక్కలు చూసినాయనకి చెప్పింది వినమంటే కోపం వస్తుంది, చూడమంటే కళ్ళజోడు తెచ్చుకుంటారు.

వెంటనే ఏదీ సంతకం చేయకుండా ఉండే దారి కూడా ఒకటుంది, నాకు అదే నచ్చింది. ఆయన టాక్సీ అన్నారు కదా, సరే అనండి. వచ్చే మూడు నాలుగు ప్రయాణాలకి టాక్సీయే పెట్టండి, అయితే ప్రతిసారీ వేరే బండి. ఒకసారి ఎర్టిగా, ఒకసారి క్రిస్టా, దొరికితే కారెన్స్. షోరూమ్ వాడు పావుగంట తిప్పి ఇచ్చే టెస్ట్ డ్రైవ్ కన్నా నరసన్నపేట దాకా మూడు గంటలు కూర్చున్నప్పుడు నడుముకి తెలిసేది ఎక్కువ. అందులో ఒకసారైనా మీరు మూడో వరుసలో కూర్చోండి, మిట్ట మధ్యాహ్నం. ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయా, వెనక టైరు గోతిలో పడితే కడుపులో ఎలా ఉంది, అన్నీ తెలుస్తాయి. బాబుకి వాంతులయ్యే అలవాటుంటే అదీ బయటపడుతుంది. నాన్నగారి మాట నిలబడుతుంది, మీ పరీక్షా అవుతుంది, ఖర్చు పాతిక ముప్ఫై వేలు. అమ్మగారు మళ్ళీ బయటికి రావడం మొదలవుతుంది, దానికి కారు కొనేదాకా ఆగక్కర్లేదు. గంటకో గంటన్నరకో ఒకసారి ఆపి ఆవిణ్ణి నాలుగడుగులు వేయించండి, ఏ బండైనా సరే.

ఆ తర్వాత కూడా టాక్సీయే హాయి అనిపిస్తే అదేం ఓటమి కాదు. నమ్మకమైన డ్రైవరు ఒకరు దొరికితే, పండక్కి నెల ముందే చెప్పి ఉంచుకుంటే, చిన్న కారు పరవాడకి, టాక్సీ ఊరికి. అలా ఎన్నో ఇళ్ళు నడుస్తున్నాయి. ఇబ్బందల్లా అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, అప్పుడు మీ చిన్న కారైనా చాలు, ఆరుగురూ వెళ్ళరు కదా. కొనాలనే అనిపిస్తే మీ తిరుగుడికి, మీ ఇంటివాళ్ళకి నా మొగ్గు కారెన్స్ డీజిల్, ఏడు సీట్లది. మన రాష్ట్రంలోనే, పెనుకొండలో తయారైందని కాదు, బెంచి సీటు, లాగే బలం, ఎక్కే ఎత్తు మూడూ ఒక్కచోట దొరుకుతాయని. బస్సుకి ఒప్పుకుంటే ఎర్టిగా పెట్రోలుతో లక్షో రెండు లక్షలో మిగుల్చుకోండి.

సంపత్ వినాయగర్ గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించే ముందు ఆఖరి టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్ళండి. హనుమంతువాక నుంచి ముడసర్లోవ మీదుగా అడవివరం, అక్కణ్ణుంచి సింహాచలం కొండెక్కి దిగమని అడగండి, ఆరుగురూ కూర్చుని. దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెట్టకుండా రెండో గేర్లోనే దింపండి, ఇంజను బ్రేకు ఎంత పట్టుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. అమ్మగారిని పెళ్ళికి వెళ్ళే చీర కాకుండా రోజూ ఇంట్లో కట్టుకునే చీరతోనే రమ్మనండి, చేతికర్ర కూడా తెచ్చుకోమనండి. డోరు దగ్గర ఎవరూ చెయ్యందించకండి. ఆవిడంతట ఆవిడ ఎక్కనివ్వండి.